నిల్వ గడువు రైతు చేతికి రావాలి

కొల్లాపూర్ బేనిషాన్‌కు హైదరాబాద్ మార్కెట్లో ఉన్న పేరు గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఒకప్పుడు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏలిన నేల 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడి జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయింది. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల కాలువలు వచ్చాక, వలసకు మారుపేరైన ఈ ప్రాంతంలో నీళ్లందిన చోటల్లా తోటల మీద ఆశ పుట్టింది. పండించడంలో ఇక్కడి రైతు నేర్పును ఎవరూ శంకించలేరు. పండిన కాయను మరో వారం నిలబెట్టే సాధనం మాత్రం అతని దగ్గర లేదు. అది లేనందువల్లే ధర చెప్పే నోరు కూడా లేకుండా పోయింది.

పండ్లను ఎక్కువ రోజులు తాజాగా ఉంచే పెట్టెలు, పొరలు, పూతల మీద ప్రపంచమంతటా పరిశోధన సాగుతోంది. కొన్ని ఇప్పటికే బజారులో ఉన్నాయి. వాటిని ఈ పాలమూరు ప్రాంతపు తోటలకు తేవాలన్న మాట మంచిదే. అయితే తెచ్చే ముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఆ ప్యాకింగ్ వల్ల మిగిలే నాలుగు రోజులు ఎవరికి లాభం? ఈ ప్రశ్నను పక్కన పెట్టి ఎంత గొప్ప పెట్టె తెచ్చినా, అది వ్యాపారి గోదాములో పనికొచ్చే వస్తువుగానే మిగులుతుంది.

ముందు పండు సంగతి. చెట్టు నుంచి కోసినా కాయ చావదు, ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ తీసుకుని బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని, వేడిని వదులుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఈ ఊపిరి వేగం రెండింతలో మూడింతలో అవుతుంది. మామిడి, సీతాఫలం, జామ, బొప్పాయి, అరటి వంటివి పక్వానికి రాగానే ఎథిలీన్ అనే వాయువును తయారు చేసుకుంటాయి. ఒక కాయ వదిలిన ఎథిలీన్ పక్క కాయను కూడా మాగమని తొందరపెడుతుంది. పెట్టెలో ఒక్క దెబ్బతిన్న కాయ ఉంటే చుట్టూ ఉన్నవన్నీ ముందే మెత్తబడేది అందుకే. నిల్వ శాస్త్రమంతా ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది. ఊపిరిని నెమ్మది చేయాలి, నీరు పోకుండా చూడాలి, ఎథిలీన్‌ను అదుపులో పెట్టాలి.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక తోటను చూడండి. ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలుంటుంది. గెడకు కట్టిన చిక్కంతో కాయ కోస్తారు. తొడిమ దగ్గర్నుంచి సొన కారి తొక్క మీద పడుతుంది. సాయంత్రానికి అక్కడ నల్ల మచ్చ తేలుతుంది. కోసిన కాయను చెట్టు కింద కుప్ప పోస్తారు. నీడ జరిగినా కుప్ప జరగదు. లారీ అడుగున గడ్డి పరిచి, కాయల మీద కాయలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి, రాత్రికి హైదరాబాద్ శివారులోని బాటసింగారం మార్కెట్‌కు బండి కదులుతుంది. అడుగు వరస కాయల మీద పడే బరువు, గుంతల రోడ్డు మీద కుదుపు, గడ్డి లోపల పేరుకునే వేడి అన్నీ కలిసి మార్కెట్ తలుపు తెరిచేసరికి కాయ ఆయుష్షులో సగం తినేస్తాయి. తూకం దగ్గర తరుగు పేరుతో కొంత కోత పడుతుంది. కాయ నుంచి దారిలో ఆవిరైన నీరు కూడా రైతు బరువే, రైతు డబ్బే. దాని లెక్క ఎక్కడా రాయరు.

కోత అనంతర నష్టాల మీద భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన సిఫెట్ సంస్థ 2015లో ఇచ్చిన నివేదిక మామిడిలో 9.16 శాతం, జామలో 15.88 శాతం, బత్తాయి, నిమ్మ జాతి పండ్లలో 9.69 శాతం నష్టమవుతోందని తేల్చింది. తర్వాత 2022లో నాబ్కాన్స్ అనే సలహా సంస్థ చేసిన అధ్యయనం దేశం మొత్తంగా పంటలు, పశు ఉత్పత్తులు అన్నీ కలిపి ఏటా సుమారు 1.53 లక్షల కోట్ల రూపాయల విలువ పోతోందని లెక్కగట్టింది. ఈ అంకెలు చూసి మామిడిలో నూటికి తొమ్మిదేగా అనుకోవడం పొరపాటు. ఇవి కుళ్లి పారేసిన సరుకు లెక్క. మచ్చ పడి, మెత్తబడి, రెండో రకం కింద సగం ధరకు పోయిన కాయ ఈ లెక్కలోకి రాదు. రైతును అసలు ముంచేది ఆ రెండో రకమే.

నిల్వ పెంచే పదార్థాల్లో అందరి కంటికి ముందు ఆనేది తినదగిన పూత. పండు మీద కంటికి కనిపించని సన్నని పొర వేస్తే ఆక్సిజన్ లోపలికి, నీరు బయటకు పోవడం తగ్గుతుంది. లక్క పురుగు ఇచ్చే షెల్లాక్, తేనెటీగల మైనం, కార్నౌబా మైనం ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. మన దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వీటిని లేబుల్ మీద చెప్పి వాడుకోవడానికి అనుమతిస్తోంది. అమెరికాలో 2012లో మొదలైన అపీల్ అనే సంస్థ మొక్కల నుంచి తీసిన కొవ్వు పదార్థాలతో పూత చేసి అవకాడోల మీద పెద్ద ఎత్తున వాడింది. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుదారంలోని ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తుతో స్ట్రాబెర్రీలకు పూత వేసి, గది వాతావరణంలోనే ఎక్కువ రోజులు ఆగుతాయని 2016లో చూపించారు. రొయ్య పొట్టు నుంచి వచ్చే కైటోసాన్‌కు బూజును ఆపే గుణం ఉంది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్ మనకు పక్కనే ఉంది. అయితే లక్కకూ కైటోసాన్‌కూ మూలం జీవులే. శాకాహారులు ఎక్కువగా కొనే పండు మీద అలాంటి పూత ఉంటే ఆ సంగతి చీటీ మీద స్పష్టంగా రాయాలి. రాయకుండా ఎవరో బయటపెట్టే దాకా ఆగితే మంచి పదార్థం కూడా పరువు పోగొట్టుకుంటుంది.

మామిడి రైతుకు ఇంకా దగ్గరి ఉదాహరణ తమిళనాడులో ఉంది. కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం, శ్రీలంకలోని పారిశ్రామిక సాంకేతిక సంస్థ కలిసి కెనడా ప్రభుత్వ నిధులతో హెక్సనాల్ అనే పదార్థం మీద కొన్నేళ్లు పనిచేశాయి. పచ్చగడ్డి కోసినప్పుడు వచ్చే వాసనలో ఉండే సహజ పదార్థం ఇది. పండు కణాల పొరను కరిగించే ఎంజైమును ఇది నెమ్మదింపజేస్తుంది. కోతకు ముందు చెట్టు మీద పిచికారీ చేయడం, కోశాక ముంచడం, అరటి నారతో చేసిన ప్యాకింగ్‌లో దీన్ని ఇమిడ్చి మెల్లగా వదిలేలా చేయడం, ఇలా పలు దారుల్లో పరీక్షించారు. మామిడి చెట్టు మీదా, కోశాకా ఎక్కువ రోజులు ఆగిందని చూపారు. మన దక్షిణాది ఎండలో, మన మామిడి మీద జరిగిన పని ఇది. దేశం దాటి వెతకకముందే దీన్ని కొల్లాపూర్ తోటలో పెట్టి చూడాల్సింది.

ఎథిలీన్‌ను పీల్చే పొట్లాలు మరో రకం. పొటాషియం పర్మాంగనేట్‌ను బంకమట్టి లాంటి గుల్ల పదార్థంలో నింపి చిన్న పొట్లంగా పెట్టెలో వేస్తారు. అది ఎథిలీన్‌ను విరగ్గొడుతుంది. ఊదా రంగులో ఉన్న పొడి పని చేసేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. గోధుమ రంగు వచ్చిందంటే పొట్లం అయిపోయినట్టు. సెన్సర్ లేదు, బ్యాటరీ లేదు, చదువు రాని హమాలీకి కూడా కంటితో తెలిసిపోతుంది. పొడి పండుకు తగలకుండా చూసుకుంటే చాలు. న్యూజిలాండ్‌లో బేరిపండ్ల డబ్బాల మీద అంటించిన రైప్‌సెన్స్ లేబుల్ ఇంకాస్త ముందుకెళ్లింది. పండు వదిలే వాసనలను పట్టి ఎరుపు నుంచి నారింజకు, పసుపుకు మారుతూ ఎంత మాగిందో చెప్పేది. స్మార్ట్ ప్యాకింగ్ అనగానే చిప్పులు, యాప్‌లు ఊహించుకోనక్కర్లేదు. రంగు మారే ముక్క చాలు.

ఇవన్నీ పనిచేస్తాయి. కాకపోతే మంచి కాయ మీదే పనిచేస్తాయి. ఏప్రిల్ మొదట్లో ధర బాగుందని పక్వానికి రాని కాయ కోసేస్తే, దానికి ఏ పూత వేసినా రుచి రాదు. ఆ కాయకు రంగు తెప్పించడానికే కార్బైడ్ పుట్టుకొచ్చింది. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లుండే ఆ రసాయనాన్ని 2011 నిబంధనలు నిషేధించాయి. 2016లో ఎథిలీన్ వాయువును పదిలక్షలకు వంద పాళ్ల వరకు అనుమతించారు. పక్వమైన కాయకు ఎథిలీన్ గది చాలు. పక్వమైందో లేదో తెలుసుకోవడానికి ఊళ్లో పరీక్ష ఉంది. బకెట్ నీళ్లలో వేస్తే పక్వమైన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. భుజాలు నిండి, తొడిమ దగ్గర గుంత పడిన కాయే కోయాలి. ప్యాకింగ్ పథకం పెట్టేవాళ్లు ఈ బకెట్ దగ్గర నుంచి మొదలుపెట్టకపోతే మిగతా ఖర్చంతా వృథా.

చల్లదనం సంగతీ అంతే. మామిడి సుమారు 13 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. అంతకన్నా బాగా కిందికి దింపితే తొక్క నల్లబడి, మాగక చెడుతుంది. అందరికీ శీతల గిడ్డంగి ఇవ్వలేం. కానీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1980ల మొదట్లోనే కరెంటు అక్కర్లేని చల్లటి గది తయారుచేశారు. రెండు ఇటుక గోడలు, మధ్య తడి ఇసుక, పైన గడ్డి కప్పు. నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. గాలి పొడిగా ఉంటే ఇది ఇంకా బాగా చల్లబరుస్తుంది. మే నెలలో మన మూడు జిల్లాల గాలి ఎంత పొడిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున కోత, తొడిమ కిందికి వచ్చేలా బోర్లించి సొన కార్చడం, ఈ గదిలో రాత్రి దాకా చల్లబరచడం, తర్వాత క్రేట్లలో ఎత్తడం. ఇంతవరకు చేస్తే పూతకు, పొట్లానికి అసలు బలం వస్తుంది.

మామిడికన్నా ప్యాకింగ్ అవసరం ఎక్కువున్న పండు మన దగ్గర ఇంకొకటుంది. అది సీతాఫలం. దేశమంతా పేరున్న బాలానగర్ రకం పాత మహబూబ్‌నగర్ జిల్లాదే. దసరాకు అటూ ఇటూ గుట్టల మీద, అడవి అంచుల్లో కాయలు కన్ను విప్పుతాయి. తెల్లారకముందే గుట్టలెక్కి ఏరుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు. నల్లమల అంచున చెంచులు. గంపలో ఆకులు పరిచి పేర్చిన కాయ మూడు నాలుగు రోజుల్లో మెత్తబడి పగిలిపోతుంది. శీతల గిడ్డంగిలో పెడితే తొక్క నల్లబడుతుంది. అంటే ఈ పండుకు చల్లదనం కూడా పెద్ద దిక్కు కాదు. రోడ్డు పక్కన గంప దించిన మనిషికి బేరమాడే సమయం ఉండదు. సాయంత్రానికి ఎంతకైనా ఇచ్చేయాల్సిందే. ఎథిలీన్ పొట్లం, కాయ కాయకూ విడిగా గూడు ఉండే అచ్చు ట్రే, పలచటి పూత కలిసి సీతాఫలానికి రెండు రోజులు అదనంగా ఇచ్చినా ఆమె బేరం మారిపోతుంది. పరిశోధనలో ముందు వరస ఈ పండుకే ఇవ్వాలని నా అభిప్రాయం. మామిడికి మాట్లాడే వ్యాపారులున్నారు, ఎగుమతిదారులున్నారు. సీతాఫలం ఏరే ఆడవాళ్ల తరఫున ఎవరూ మాట్లాడరు.

ఇక పదార్థం ఎక్కడి నుంచి రావాలి? పండు చుట్టూ తొడిగే తెల్లటి ఫోమ్ జాలీలు మార్కెట్ యార్డుల్లో కుప్పలుగా కనిపిస్తాయి. బరువు లేనివి కాబట్టి వాటిని ఏరుకునే వాడికీ గిట్టుబాటు కాదు. పాత వార్తాపత్రికల్లో కాయలు చుట్టడం మరో అలవాటు. ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టకూడదని 2018 ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నా, ఆ సిరా కాగితం మామిడి పెట్టెల్లో కనిపిస్తూనే ఉంది. బయో అని రాసి ఉన్న ప్రతి సంచినీ నమ్మడానికి లేదు. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ లాంటివి అరవై డిగ్రీల దగ్గర వేడి ఉండే కంపోస్టు కేంద్రాల్లో కరుగుతాయి. పొలం గట్టున పారేస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. మన పల్లెల్లో అలాంటి కేంద్రాలు లేనప్పుడు ఆ సంచి ప్లాస్టిక్‌కు మరో రూపమే.

నిజానికి ముడిసరుకు మన చేలల్లోనే ఉంది. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ పత్తి విత్తనానికి పేరు మోసిన చోటు. పంటయ్యాక పత్తి కట్టె తగలబెట్టడమే ఎక్కువ. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ సిర్కాట్ పత్తి కట్టెతో అట్టలు, పలకలు చేసే పద్ధతులు రూపొందించింది. వనపర్తి అంటే బుడ్డలు (వేరుశనగ), వాటి పొట్టులో పీచు ఉంది. కాలువ నీళ్లొచ్చాక వరి పెరిగి, గడ్డికి నిప్పు పెట్టడమూ పెరిగింది. ఈ మూడింటినీ గుజ్జు చేసి, అచ్చులో ఒత్తి ఆరబెడితే గుడ్ల ట్రేల మాదిరి పండు గూళ్లు వస్తాయి. మామిడికి ఒక కొలత, సీతాఫలానికి ఒక కొలత. వాడి పారేసినా పెంటకుప్పలో ఎరువవుతుంది. బయటి నుంచి ట్రేలు తెప్పించుకునే రవాణా ఖర్చు మిగులుతుంది. నీళ్లు ఎక్కువ తాగని, మురుగు కాలువలోకి వదలని పద్ధతి ఎంచుకోవడం ముఖ్యం. లేకపోతే ప్లాస్టిక్ బాధ తప్పించబోయి చెరువుకు బాధ తెచ్చినట్టవుతుంది.

ఇక మొదట అడిగిన ప్రశ్న. మామిడి తోటలు చాలావరకు పూత మీదో పిందె మీదో గుత్తకు పోతాయి. మందుకు, నీటికి, పెళ్లికి, ఆసుపత్రికి చేతిలో డబ్బు కావాలి కాబట్టి రైతు అప్పుడే ఒప్పుకుంటాడు. ఒప్పందం అయ్యాక కాయ వ్యాపారిది. కాయ ఎప్పుడు కోయాలో, దేంట్లో ఎత్తాలో, ఎన్నాళ్లు ఆపాలో అన్నీ అతని నిర్ణయమే. రాయితీ మీద ఇచ్చిన క్రేట్లు, పూత యంత్రం, ఎథిలీన్ గది కూడా చివరికి అతని పనికే వస్తాయి. వారం రోజుల నిల్వ వల్ల వచ్చే అదనపు ధర అతని ఖాతాలో పడుతుంది. వ్యాపారిని తప్పు పట్టడం లేదు. నష్టభయం మోసేవాడు లాభం అడుగుతాడు. కానీ ప్రజాధనంతో వచ్చే సాధనం పండించినవాడి బేరాన్ని పెంచకపోతే ఆ ఖర్చుకు అర్థం లేదు.

కాబట్టి ప్యాకింగ్ సాయం, పంట పెట్టుబడి అప్పు రెండూ ఒకే చోట, ఒకే సంఘం ద్వారా రావాలి. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రెండు కోట్ల రూపాయల వరకు అప్పుకు మూడు శాతం వడ్డీ రాయితీ ఉంది. ఉద్యాన మిషన్ కింద ప్యాక్‌హౌస్‌కు సగం రాయితీ ఇస్తారు. కొల్లాపూర్, అచ్చంపేట, పెబ్బేరు, అలంపూర్ వంటి చోట రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు ఒక్కో ప్యాక్‌హౌస్ ఉండి, చెట్టు పూసే సమయంలో సంఘమే కొంత బయానా ఇవ్వగలిగితే తోట గుత్తకు పోదు. కోత తేదీ రైతు చేతిలో ఉంటుంది. మార్కెట్లో సరుకు ముంచెత్తిన రోజు ఆగి, తగ్గిన రోజు అమ్మే వీలుంటుంది. గద్వాల, వనపర్తి జిల్లాల గుండా పోయే 44వ జాతీయ రహదారి ఇటు హైదరాబాద్‌కు, అటు కర్నూలు మీదుగా బెంగళూరుకు చేరుస్తుంది. వారం ఆగే కాయకు ఆ రెండో దారి కూడా తెరుచుకుంటుంది. తోట బయట ట్రే లెక్కన, బరువు ముద్రించి అమ్మితే తరుగు గొడవకు తావు తగ్గుతుంది.

ఈ పనికి ఈ ప్రాంతంలోనే చదువుల తల్లి ఉంది. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల నడుస్తోంది. అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు ఈ ఎండలో, ఈ రకాల మీద, ఈ రోడ్ల మీద పరీక్ష చేస్తే వచ్చే ఫలితం విదేశీ నివేదికకన్నా మన రైతుకు ఎన్నో రెట్లు విలువైనది. షెల్లాక్ పూత, హెక్సనాల్, పర్మాంగనేట్ పొట్లం, పత్తి కట్టె ట్రే, ఏమీ చేయని మామూలు గడ్డి. ఈ ఐదింటినీ పక్కపక్కన పెట్టి, బాటసింగారం దాకా లారీలో పంపి, ఎన్ని కాయలు మొదటి రకంగా దిగాయో లెక్కపెట్టాలి. ఖరీదైనది ఓడిపోతే ఓడిపోయిందనే రాయాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో మామిడి పూతకు వస్తుంది. గుత్త మాటలు మొదలయ్యేది కూడా అప్పుడే. ఉద్యాన శాఖ ఈ సీతాఫలం సీజన్‌తోనే పరీక్షలు మొదలుపెట్టాలి. వచ్చే వేసవి మామిడితో వాటిని పూర్తి చేయాలి. ఆ మరుసటి పూత నాటికి ఫలితాలను పెట్టెకు ఎంత ఖర్చయిందో, ఎన్ని రోజులు ఆగిందో, ఎంత ధర పలికిందో తెలుగులో రాయించి, ఈ మూడు జిల్లాల ప్రతి రైతు వేదికలో అందరికీ కనిపించేలా పెట్టించాలని కోరుతున్నాను.